డీఎన్‌ఏలో థైమిన్, ఆర్‌ఎన్‌ఏలో యురాసిల్... ఎందుకో ఎవరైనా చెబుతారా?

తణుకు_తండ్రి
మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నిన్న రాత్రి అన్నం తింటూ ఒక ప్రశ్న వేసింది. డీఎన్‌ఏలో ఎ, టి, జి, సి (అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్) అని నాలుగు అక్షరాలు. ఆర్‌ఎన్‌ఏలో మూడు అవే, టి బదులు యు. ఆ ఒక్కటే ఎందుకు మారాలి? కాలేజీలో అడిగితే "అది అంతే, రెండు మార్కుల ప్రశ్న, తేడాల పట్టిక గీసి రాసెయ్" అన్నారట. నేను చదివింది ఎంపీసీ. "దేవుడు అలా పెట్టాడమ్మా" అనబోయి ఆగిపోయాను. కాలేజీ వారి జవాబు కన్నా అది గొప్పగా ఏమీ లేదు మరి. తెలిసినవారు ఉంటే కాస్త విడమరిచి చెప్పండి. అమ్మాయి పక్కనే కూర్చుని చదువుతుంది.

రెండుమార్కులు
నీట్‌లో "ఎందుకు" అని అడగరు, "ఏది" అని అడుగుతారు. ప్రశ్నకు నిమిషం. ఎందుకులన్నీ ఎంబీబీఎస్ సీటు వచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చు. పాపని పట్టిక బట్టీ పట్టమనండి.

డల్లాస్_దోసె
పై జవాబు చదివితే నా ఇంటర్ హాస్టలు వాసన వచ్చింది.

పాత_సుద్దముక్క
ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. ఈ ప్రశ్న నన్నూ ఇద్దరు ముగ్గురు పిల్లలు అడిగారు, నేనూ "అది అంతే" అన్నవాడినే. కాబట్టి ఆ లెక్చరర్ని తిట్టే అర్హత నాకు లేదు.

నిర్మాణం మాత్రం బాగా చెప్పేవాడిని, నా గొప్ప కాదు, నులక తాడు గొప్ప. రెండు పురులు పేనిన తాడు ఒకటి తరగతికి తీసుకెళ్లేవాడిని. ఒక్కో పురి వెన్నంతా చక్కెర, ఫాస్ఫేటు, మళ్లీ చక్కెర, ఫాస్ఫేటు. ఒక పురి పైకి నడిస్తే రెండోది కిందికి నడుస్తుంది. లోపలి వైపు అక్షరాలు ఎదురెదురుగా చేతులు పట్టుకుంటాయి. ఎకి టితో రెండు హైడ్రోజన్ బంధాలు, జికి సితో మూడు. దాదాపు పది జతలకు ఒక మెలిక, ఆ మెలిక పొడవు 3.4 నానోమీటర్లు. మన ఒక్క కణంలో ఉన్నదంతా సాగదీసి పేర్చితే సుమారు రెండు మీటర్లు.

ఇద్దరు పిల్లల చేత చెరో కొస పట్టించి, మూడోవాడిని మధ్యలో పురులు విడదీయమనేవాడిని. వాడు విడదీసే కొద్దీ అటూ ఇటూ తాడు బిగుసుకుని ఉండలు పడేది. తరగతి అంతా నవ్వు. కణానికీ ఇదే ఇబ్బంది, ఆ బిగువు వదిలించడానికి ప్రత్యేకంగా ఎంజైములు ఉన్నాయి. బ్యాక్టీరియాలో ఆ ఎంజైమును పనిచేయనివ్వకుండా పట్టుకునే మందే సిప్రోఫ్లాక్సాసిన్.

టి, యు సంగతి వచ్చేసరికి, డీఎన్‌ఏ రిజిస్ట్రారు ఆఫీసులోని అసలు దస్తావేజు, ఆర్‌ఎన్‌ఏ దాని జిరాక్సు అని చెప్పి దాటేసేవాడిని.

తప్పులెన్నువాడు
జిరాక్సులో అక్షరం మారదు కదా మాస్టారూ. పైగా ఆర్‌ఎన్‌ఏ అంటే నకలు ఒక్కటే కాదు. కణంలోని ఆర్‌ఎన్‌ఏలో నూటికి ఎనభై వంతుల దాకా రైబోజోముల్లోనే ఉంటుంది. దాన్ని చదివి ఎవరూ ప్రొటీను చేయరు, ప్రొటీను చేసే యంత్రమే అది. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కు 2009లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చింది ఆ యంత్రం గురించే.

పాత_సుద్దముక్క
ఒప్పుకున్నాను. నేను మానేసి పదేళ్లయింది, ఇప్పుడు దిద్దుకుంటాను.

నెల్లూరు_చేపలపులుసు
థైమిన్ తక్కువైతే బేరీబేరీ వస్తుందని విన్నాను. దంపుడు బియ్యం తినమంటారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఫార్మసీ_పద్మ
అది థయామిన్, బి1 విటమిను. ఇది థైమిన్. దూడ థైమస్ గ్రంథి నుంచి మొదట వేరు చేశారు కాబట్టి ఆ పేరు. ఒక్క అక్షరం తేడాలతోనే రోజూ నా బతుకు.

ఐసుపెట్టె
హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో ఆర్‌ఎన్‌ఏతో పని చేస్తాను, నా మారుపేరు అందుకే. పాప మంచి ప్రశ్న అడిగింది, దీనికి మంచి జవాబే ఉంది.

యురాసిల్‌కు ఒక మిథైల్ సమూహం, అంటే ఒక కార్బను మూడు హైడ్రోజన్లు, తగిలిస్తే థైమిన్. తేడా అంతే. బొట్టు పెట్టుకున్న యురాసిలే థైమిన్ అనుకోండి. ఎతో జత కట్టడానికి రెండూ పనికివస్తాయి.

మరి బొట్టు దేనికి? సి చేసే అల్లరి వల్ల. సైటోసిన్ కుదురుగా ఉండదు. చుట్టూ నీళ్లు ఉంటాయి కదా, ఎవరూ ముట్టుకోకుండానే అప్పుడప్పుడు దాని అమైనో సమూహం ఊడిపోతుంది. ఊడగానే అది యురాసిల్ అయి కూర్చుంటుంది. మన ఒక్కో కణంలో రోజుకు సుమారు వంద చోట్ల ఇలా జరుగుతుందని అంచనా.

ఇప్పుడు డీఎన్‌ఏలో యు కూడా సొంత అక్షరమే అయి ఉంటే? మరమ్మతు చేసేవాడు వచ్చి యు దగ్గర నిలబడి, ఇది పుట్టుకతోనే యునా, నిన్నటిదాకా సిగా ఉండి ఈ రోజు చెడిపోయిందా అని తల గోక్కోవాలి. అందుకని డీఎన్‌ఏలో అసలైనవాటికి బొట్టు పెట్టి టి చేశారు. బొట్టు లేని యు కనిపించిందంటే అది చెడిపోయిన సి అయి ఉండాలి, లేదా నకలు తీసేటప్పుడు పొరపాటున దూరినది అయి ఉండాలి. ఏదైనా దానికి అక్కడ చోటు లేదు. దాన్ని కోసి పారేసే ఎంజైమును టోమస్ లిండాల్ 1974లో కనిపెట్టారు. ఈ మరమ్మతుల పనికే 2015 రసాయనశాస్త్ర నోబెల్‌లో ఆయనకు వాటా వచ్చింది. కోసేశాక ఎదుటి పురిలో జి ఉందని చూసి ఖాళీలో సి పెట్టేవారు వేరే ఉన్నారు.

ఆర్‌ఎన్‌ఏకి ఈ జాగ్రత్త అక్కర్లేదు. దాని ఆయుష్షు నిమిషాలు, గంటలు, మహా అయితే కొన్ని రోజులు. ఒక ప్రతిలో అక్షరం చెడితే ఆ ప్రతి నుంచి వచ్చే ప్రొటీన్లే పాడవుతాయి, ఇంకో ప్రతి వస్తుంది. డీఎన్‌ఏలో చెడితే పిల్ల కణాలకూ పోతుంది.

పెదవి_విరుపు
వినడానికి బాగుంది కానీ ఒక మెలిక. ఎదురుగా జి ఉందంటున్నారు కదా. జికి ఎదురుగా యు కనబడితే తప్పు జరిగిందని అక్కడే తెలిసిపోతుంది. దానికి బొట్టు ఎందుకు?

ఐసుపెట్టె
జికి ఎదురుగా యు ఉంటే జత కుదరలేదని తెలుస్తుంది, తప్పు ఎవరిదో తెలియదు. జి తప్పేమో, అక్కడ ఎ ఉండాల్సిందేమో? సగం సార్లు తప్పు అక్షరాన్ని కాపాడి ఒప్పు అక్షరాన్ని కోసేస్తారు. ఇంకోటి, ఈలోగా కణం విభజన చెందిందనుకోండి. ఆ యు ఉన్న పురికి ఎదురుగా కొత్తగా ఎ వచ్చి కూర్చుంటుంది. ఇక జత చక్కగా కుదిరింది, ఫిర్యాదు చేసేవారే లేరు. బొట్టు పద్ధతి ఉంటే ఎదుటివాళ్ల వాంగ్మూలం లేకుండానే దొంగను పట్టవచ్చు.

పెదవి_విరుపు
సరే. ఈసారికి పెదవి విరవడం లేదు.

డల్లాస్_దోసె
బొట్టు లేనివాళ్లను గెంటేయడం నాకు నచ్చలేదు. బంగారానికి హాల్‌మార్క్ అందాం.

నెల్లూరు_చేపలపులుసు
మా ఇంట్లో హాల్‌మార్క్ ముద్ర చూడటానికి భూతద్దం కావాలి. బొట్టే నయం.

రెండుమార్కులు
ఇంత దూరం వచ్చాం కాబట్టి అడుగుతున్నాను. ఆర్‌ఎన్‌ఏకీ ఆ బొట్టు పెట్టేస్తే పోయేదేముంది? రెండింటికీ ఒకే అక్షరాలు, పట్టికలో ఒక వరుస తగ్గేది.

ఐసుపెట్టె
ఖర్చు. కణం ముందు యునే తయారుచేస్తుంది. డీఎన్‌ఏకి కావలసినవాటికి మాత్రం తర్వాత ఒక్కొక్కటిగా మిథైల్ అతికిస్తుంది. ఆ మిథైల్‌ను మోసుకొచ్చేది ఫోలిక్ ఆమ్లం నుంచి వచ్చే సహాయకం. గంటలో విరిగిపోయే ఆర్‌ఎన్‌ఏకి ఇంత ముస్తాబు ఎవరు చేస్తారు?

పాత_సుద్దముక్క
ఫోలిక్ ఆమ్లమా! అయితే మన భీమవరం వచ్చేసింది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. తర్వాత దానికి నకిలీలాంటి మందు, అమైనోప్టెరిన్, చేసింది కూడా అక్కడే. దాన్ని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా వ్యాధి వెనక్కి తగ్గుతుందని 1948లో ప్రచురించారు. అదే ఏడాది సుబ్బారావుగారు పోయారు. పాఠంలో ఈ ముక్క చెప్పేవాడిని కానీ ఈ టి, యు గొడవకు ముడి ఉందని ఇన్నేళ్లూ నాకు తట్టనే లేదు. టి దొరకకపోతే డీఎన్‌ఏ రాయలేదు, డీఎన్‌ఏ రాయలేకపోతే క్యాన్సర్ కణం రెండు కాలేదు. అంతే కదా ఐసుపెట్టెగారూ?

ఐసుపెట్టె
అంతే మాస్టారూ. అడినిన్, గ్వానిన్ల తయారీకి కూడా ఫోలేటు, అంటే ఈ ఫోలిక్ ఆమ్లమే, కావాలి కాబట్టి దెబ్బ రెండు వైపులా పడుతుంది, కానీ టి కొరతే ముఖ్యం.

అమ్మమ్మ_మనవడు
ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మా అమ్మమ్మకు కీళ్లవాతం. డాక్టరు మెథోట్రెక్సేట్ రాశారు, అదీ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందే. వారానికి ఒక్క రోజు. మిగతా రోజుల్లో ఫోలిక్ ఆమ్లం బిళ్ల. మందుల దుకాణంలో కవరు మీద పొరపాటున "రోజుకు ఒకటి" అని రాసి ఇచ్చారు. ఆరు రోజులు వేసుకుంది. ఏడో రోజు నోరంతా పుండ్లు, పెరుగన్నం కూడా మింగలేకపోయింది. పచ్చడి ఘాటు అనుకుని రెండు రోజులు మజ్జిగతో నెట్టింది పాపం. ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తకణాలు బాగా పడిపోయాయన్నారు. దానికి విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లం ఇంజక్షన్లు ఇచ్చి పది రోజులు ఉంచుకున్నారు. ఇప్పుడు బాగుంది. కాని నోరే ఎందుకు అని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఫార్మసీ_పద్మ
నోటి లోపలి పొర, పేగు పొర, ఎముక మూలుగ, ఈ మూడు చోట్లా కణాలు ఎడతెరిపి లేకుండా కొత్తవి పుడుతుంటాయి. టి కొరత ముందు వాటికే తగులుతుంది. మా దుకాణంలో మెథోట్రెక్సేట్ కవరు మీద ఎర్ర ఇంకుతో వారం పేరు రాస్తాను, "సోమవారం మాత్రమే" అని. రాసి ఊరుకోను, రోగి చేత ఒకసారి పైకి చదివిస్తాను. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఈ రోజే కవరు తీసి చూడండి.

ఐసుపెట్టె
ఒక చిన్న మాట. కీళ్లవాతానికి వాడే చిన్న మోతాదులో అది పనిచేసే దారి ఎక్కువగా వేరు, టి కొరత ఒక్కటే కాదు. అమ్మమ్మగారి విషయంలో మోతాదు పేరుకుపోయింది కాబట్టి అసలు రూపం చూపించింది.

తప్పులెన్నువాడు
ఫోలేటు కథలో మన దేశం ఇంకా ముందే ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, మార్మైట్ అనే ఈస్టు ముద్ద పెడితే తగ్గుతోందని 1931లో రాశారు. వాళ్ల ఎర్రకణాలు లెక్కకు తక్కువ, పరిమాణానికి పెద్దవి. టి లేక డీఎన్‌ఏ పూర్తికాదు, విభజన జరగదు, కణం మాత్రం పెరుగుతూ పోతుంది. తర్వాత 1941లో ఆ పదార్థాన్ని పాలకూర నుంచి తీశారు కాబట్టి ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ అయింది.

నెల్లూరు_చేపలపులుసు
అయితే మా ఆవిడ రోజూ తోటకూర ఎందుకు వండుతోందో ఇప్పటికి అర్థమైంది. నేను పొదుపు అనుకున్నాను.

డల్లాస్_దోసె
ఆర్‌ఎన్‌ఏ అంత తొందరగా విరిగిపోతుందన్నారు కదా. 2020 డిసెంబరులో ఇక్కడ ఆర్‌ఎన్‌ఏతో చేసిన కరోనా టీకాలు పొడి మంచు పెట్టెల్లో, మైనస్ డెబ్బై డిగ్రీల్లో వచ్చాయి. కారణం ఇదేనా?

ఐసుపెట్టె
చాలావరకు ఇదే. ఆర్‌ఎన్‌ఏ చక్కెరలో రెండో కార్బను దగ్గర ఒక ఆక్సిజన్ అదనంగా ఉంటుంది. ఆ ఆక్సిజనే పక్కనున్న ఫాస్ఫేటు మీద పడి తన వెన్ను తానే విరుచుకుంటుంది. డీఎన్‌ఏలో అది లేదు, "డీఆక్సీ" అన్న మాటకు అర్థం అదే. సైబీరియా మంచులో పదిలక్షల ఏళ్లు దాటిన మామత్ పళ్ల నుంచి డీఎన్‌ఏ చదివారు. నేను చేతి తొడుగు మార్చకుండా సీసా మూత ముట్టుకుని రెండు నెలల ఆర్‌ఎన్‌ఏ పోగొట్టుకున్నాను. మన చెమటలోనే దాన్ని నమిలేసే ఎంజైములు ఉంటాయి. ఆ రోజు క్యాంటీన్లో టీ కూడా దిగలేదు.

ఇంకో సంగతి. కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ వచ్చింది కూడా యు వల్లే. మామూలు యు ఉన్న ఆర్‌ఎన్‌ఏ బయటి నుంచి వస్తే శరీరం శత్రువనుకుని గగ్గోలు పెడుతుంది. ఆ యుని కొద్దిగా మార్చితే ఊరుకుంటుంది. ఆ టీకాల్లో వాడిన యు రూపానికి కూడా ఒక మిథైల్ ఉంటుంది, వేరే చోట. అక్కడా బొట్టే.

పెదవి_విరుపు
ఆ టీకాలు మన డీఎన్‌ఏలో కలిసిపోతాయని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గుంపులో ఇప్పటికీ తిరుగుతోంది.

ఐసుపెట్టె
కలవాలంటే ఆర్‌ఎన్‌ఏని తిరగరాసి డీఎన్‌ఏ చేసే ఎంజైము, దాన్ని అతికించే ఎంజైము రెండూ కావాలి. హెచ్‌ఐవీ ఆ రెండింటినీ వెంట తెచ్చుకుంటుంది. టీకా తెచ్చుకోదు. పని కేంద్రకం బయటే చేసి విరిగిపోతుంది. అయినా మన దగ్గర ఎక్కువమంది వేసుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. రెండూ ఆర్‌ఎన్‌ఏ టీకాలే కావు.

పెదవి_విరుపు
ఆఖరి వాక్యం ఆ గుంపులో పెట్టాను. ముగ్గురు బయటికి వెళ్లిపోయారు.

తణుకు_తండ్రి
రెండు రోజులుగా రాయలేకపోయాను, ఇంట్లో ప్రయోగశాల నడుస్తోంది. అమ్మాయి అరటిపండు నుంచి డీఎన్‌ఏ తీస్తానంది. సగం చక్కెరకేళి మెత్తగా చిదిమి, నీళ్లు, చిటికెడు ఉప్పు, గిన్నెలు తోమే ద్రవం ఒక చెంచా కలిపి, పాత పంచె గుడ్డలో వడకట్టింది. మందుల దుకాణం నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చాం. మొదటిసారి గబుక్కున పోసి కలిపేసింది, అరటి జావ తప్ప ఏమీ రాలేదు. రెండోసారి ఆల్కహాల్‌ను గంటసేపు ఫ్రీజర్లో పెట్టి, గ్లాసు వంచి గోడ వెంబడి మెల్లగా జారవిడిచింది. రెండు ద్రవాలూ కలిసే చోట తెల్లటి పొర తేలింది. ఐదు నిమిషాల్లో అది పైకి లేచి దారాలు దారాలుగా, నీళ్లలో వేసిన సేమ్యాలా వేలాడింది. చీపురుపుల్లతో చుడితే చుట్టుకుంది. మా అమ్మ చూసి "చీమిడిలా ఉంది, దీనికా ఇంత హంగామా" అంది.

తప్పులెన్నువాడు
అందులో డీఎన్‌ఏతో పాటు ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు, పండులోని పెక్టిను కూడా ఉంటాయి. శుద్ధమైన డీఎన్‌ఏ అని రికార్డు పుస్తకంలో రాయనివ్వకండి.

పాత_సుద్దముక్క
రాసుకోనివ్వండి స్వామీ. చుట్టుకుంది కదా.

తణుకు_తండ్రి
ఇప్పుడు అమ్మాయి అడిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "డీఎన్‌ఏలో కొన్ని సిలకి కూడా మిథైల్ ఉంటుందని పాఠంలో ఉంది. బొట్టున్న సి చెడిపోతే ఏమవుతుంది? బొట్టున్న యు అవుతుంది. అంటే టి. అప్పుడు ఎలా పట్టుకుంటారు?"

ఐసుపెట్టె
కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నేను ఎంఎస్సీలో కూడా ఇది అడగలేదు.

అమ్మా, సరిగ్గా అక్కడే ఈ ఏర్పాటుకు చిల్లు ఉంది. బొట్టున్న సి చెడితే అచ్చమైన టి అయిపోతుంది, ఆ ఊళ్లో పుట్టి పెరిగినదానిలాగే ఉంటుంది. జికి ఎదురుగా టి కనిపిస్తే అనుమానించి తీసేసే ఎంజైము ఒకటి ఉంది కానీ, యుని పట్టే ఎంజైము అంత చురుకైనది కాదు. అందుకని మనలో ఉత్పరివర్తనలు, అంటే అక్షరాల మార్పులు, ఎక్కువగా పడే చోట్లు అవే. సి పక్కన జి వచ్చే చోట సికి ఎక్కువగా మిథైల్ పెడతారు. అలాంటి చోట్లు మన డీఎన్‌ఏలో ఉండాల్సిన లెక్కలో అయిదో వంతే మిగిలాయి. తక్కినవి తరతరాలుగా టిలుగా మారిపోయాయి. జన్యువులను ఆపడానికి, నడపడానికి ఆ బొట్టు పనికివస్తుంది కాబట్టి నష్టం ఉన్నా వదులుకోలేదు.

రెండుమార్కులు
ఈ పిల్లకు నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. పట్టిక మాత్రం గీయమనండి, దిద్దేవాడికి అదే కావాలి.

తప్పులెన్నువాడు
పట్టికలో "ఆర్‌ఎన్‌ఏలో థైమిన్ ఉండదు" అని రాస్తే మార్కులు వస్తాయి కానీ పూర్తి నిజం కాదు. ప్రొటీను తయారీకి ముక్కలు మోసే రవాణా ఆర్‌ఎన్‌ఏలో ఒక చోట థైమిన్ ఉంటుంది, తయారయ్యాక అతికిస్తారు. బ్యాక్టీరియాను పట్టే పీబీఎస్1 అనే వైరస్ డీఎన్‌ఏలో టి బదులు మొత్తం యునే. తన యులను కోసేయకుండా ఆ బ్యాక్టీరియా ఎంజైమును ముందే కట్టేసే ప్రొటీను ఒకటి దాని కుటుంబం వెంట ఉంటుంది.

తణుకు_తండ్రి
ఇది చదివి అమ్మాయి పుస్తకంలో "ఉండదు" కొట్టేసి "సాధారణంగా ఉండదు" అని దిద్దుకుంది. ఫ్రిజ్‌లో ఆ గ్లాసు ఇంకా ఉంది. మూత మీద "తాగరాదు" అని రాసి పెట్టాం.

నెల్లూరు_చేపలపులుసు
అంతా చదివాను. అయితే దంపుడు బియ్యం మానేయవచ్చా?

ఫార్మసీ_పద్మ
మానవద్దు. అది థయామిన్.